ఇరవై ఒకటో తారీఖు, సాయంత్రం ఆరు

ముసునూరు,
నవంబరు 4, 2024

సుబ్బరత్నమ్మ వదినకు కనకమ్మ చెప్పి రాయిస్తున్నది.

నువ్వు ఫోను ఎత్తడం లేదు. మీ అమ్మాయి భవాని ఎత్తి "అమ్మ పడుకుంది అత్తా" అంటోంది. పొద్దున పదింటికి పడుకునే మనిషివి కావు నువ్వు. పద్నాలుగేళ్లు నీ పక్కన నిలబడి ఊరూరా బుర్రకథ చెప్పినదాన్ని, నీ నిద్ర సంగతి నాకు తెలియదా? అందుకని ఉత్తరం రాయిస్తున్నాను. రాసేది మా వీధిలో బట్టలు కుట్టే షాలోమి. చెప్పింది చెప్పినట్టు రాస్తుంది గాని తిట్లు మాత్రం రాయదట, ప్రార్థనకి వెళ్లే మనిషి. తిట్టు వచ్చిన చోట చుక్కలు పెడతానంది. నువ్వు నింపుకో, నా తిట్లు నీకు కొత్త కాదు.

సంగతి ఏమిటంటే, జగన్మోహనరావు గారని రిటైరైన మేష్టారు, పాత కళాకారులు ఎక్కడెక్కడున్నారో వెతుకుతూ తిరుగుతున్నాడు. నేను కాపలా ఉండే మామిడి తోటలోకి కారు వేసుకుని వచ్చాడు. నన్ను చూసి "బుర్రకథ కనకమ్మ గారంటే మీరేనా అండీ" అన్నాడు. వదినా, నన్ను ఎవరైనా గారు అని ఎన్నేళ్లయింది! చేతిలో కొడవలి కూడా కింద పెట్టకుండా నిలబడిపోయాను.

డిసెంబరు మూడో వారంలో బెజవాడలో అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయట. సంగీత సభలు, నాటకాల పోటీలు, బొమ్మల ప్రదర్శన, వాటితో పాటు జానపద ఉత్సవం. ఆ జానపదంలో ఇరవై ఒకటో తారీఖు సాయంత్రం ఆరింటికి మనకి ఇరవై నిమిషాలు ఉంచాడు. మనకి అంటే నీకూ నాకూ. చిన్నరాయప్ప పోయి పదేళ్లయింది గనక అతని చోట అతని తమ్ముడి కొడుకు సువర్ణరాజు రెండో డక్కీ పడతానన్నాడు. హనుమాన్ జంక్షన్‌లో లారీలకి సరుకు ఎక్కిస్తాడు, భుజాలు గట్టివి. ఇక కావలసింది కథకురాలు. తంబురా పట్టేది నువ్వే. నువ్వు లేకపోతే నేను ఎవరికి వంత?

నేను నాలుగు రోజుల ముందే వచ్చి మీ ఇంట్లో దిగుతాను. మిగతా కచేరీలూ నాటకాలూ ఏవి చూడాలో నువ్వు పేపరు చూసి ప్లాను వెయ్యి. చదువుకున్నదానివి. జీవితంలో ఒక్కసారి కుర్చీలో కూర్చుని ఇంకొకళ్ల ఆట చూడాలని ఉంది. కానీ ఇరవై ఒకటి సాయంత్రం నాది. చాట్రాయిలో చెప్పిన ఆఖరి కథ తర్వాత మనం ఆపేసిన ఆట అది. ఒక్క మాట చెప్పకుండా ముప్పై నాలుగేళ్లు నా మొహం చూడలేదు నువ్వు. పక్కన నిలబడితే చాలు, కారణం కూడా అడగను.

వేసవిలో ఆరబెట్టిన తాండ్ర తెస్తున్నాను.

కనకమ్మ

*

విజయవాడ,
నవంబరు 13, 2024

కనకానికి సుబ్బరత్నం రాయునది.

ఉత్తరం అందింది. రా. ఇల్లు చిన్నదే అయినా నీకు పక్క వేయడానికి చోటుంది. భవాని కూడా అత్త రావాలని అంటోంది. వాళ్ల నాన్న పోయినప్పుడు నువ్వు గుమ్మం బయటే కూర్చుని వెళ్లిపోయావని ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

పేపరు చూశాను. నాలుగు కార్యక్రమాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అన్నీ చూడడం ఎవరి వల్లా కాదు. పద్దెనిమిది బుధవారం మధ్యాహ్నానికి నూజివీడు బస్సులో దిగు. ఆ పూట విశ్రాంతి. పంతొమ్మిది సాయంత్రం సంగీత సభలో వయొలిన్ కచేరీ ఉంది. గంటన్నర. కుర్చీలు మెత్తగా ఉంటాయి. అక్కడ మధ్యలో "ఆహా" అనకూడదు కనకం, తల ఊపాలి, అంతే. ఇరవై పొద్దున బొమ్మల ప్రదర్శనకి వెళదాం. లోపల ఏసీ చలి, దుప్పటి తెచ్చుకో. అదే రోజు సాయంత్రం ఒక పక్క హరికథ, ఊరికి ఇంకో కొసన నాటకాల పోటీలు మొదలు. హరికథే చూద్దాం, మా ఇంటి ముందు నుంచి బస్సు ఉంది. నాటకాలకి ఇరవై ఒకటి శనివారం వెళ్లవచ్చు. సాయంత్రం ఆరింటికి ఒక సాంఘిక నాటకం ఉంది, చాలా బాగుంటుందని చెప్పారు. భవాని ముందు వరసలో మూడు పాసులు తెచ్చింది. ఆదివారం పొద్దున వేణువు విని మధ్యాహ్నం బస్సెక్కితే చీకటి పడకముందే ఇంటికి చేరతావు.

జానపదం వాళ్ల సంగతి నాకు తెలియదు. అది మైదానంలో. దుమ్ము. నాకు దగ్గు వస్తుంది.

తాండ్ర తేవద్దు. నాకు షుగరు.

సుబ్బరత్నం

*

ముసునూరు,
నవంబరు 20, 2024

వదినా,

నీ ప్లాను షాలోమితో మూడుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి సంతోషించాను. రెండోసారి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. మూడోసారి "అమ్మా షాలోమీ, ఆ శనివారం దగ్గర మళ్లీ చదువు" అన్నాను. ఇరవై ఒకటో తారీఖు, సాయంత్రం ఆరు. షాలోమి పేపరు చూసి చెప్పింది, నాటకాలు మూడు రోజులున్నాయి, రోజుకి మూడున్నాయి. సరిగ్గా ఆ గంటకే నీకు నచ్చిన నాటకం ఉందా? ……… (ఇక్కడ చుక్కలు.)

సరే. కారణం అడగనన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పెద్దమనుషుల ముందు పెట్టినట్టు నా వాదన పెడుతున్నాను. షాలోమీ, ఒక్క ముక్క వదలకుండా రాయి.

చాట్రాయిలో పంచాయతీ ఆఫీసు ముందు ఆ రోజు మనం చెప్పింది గవర్నమెంటు వాళ్ల కుటుంబ నియంత్రణ కథ. నాలుగు వందల మంది జనం. ముందు వరసలో ఎండీఓ గారు, డాక్టరు గారు, మీ భవాని అత్తవారు. నువ్వు "ఇద్దరు బిడ్డలు ఇంటికి వెలుగు" అని పెద్ద చరణం ఎత్తుకున్నావు. ఎత్తుకుని, సగంలో ఆగిపోయావు. నీకు ఊపిరి అందలేదు. తంబురా మోగుతోంది, గజ్జె ఆడుతోంది, నోట్లోంచి మాట రావడం లేదు. జనం చూస్తున్నారు. అప్పుడు నేనేం చేయాలి? కథకురాలు ఆగితే ఖాళీ పూడ్చేది హాస్యం చెప్పే వంత. ఆ పని నాకు నేర్పింది నువ్వు. "కనకం, నేను ఎక్కడ తడబడితే అక్కడ నువ్వు జనాన్ని నవ్వించాలి, నా వైపు చూడనివ్వకూడదు" అని మొదటి రోజే చెప్పావు. నవ్వించాను. డక్కీ మీద ఒక్క దెబ్బ వేసి అన్నాను: "ఏం వదినా, ఊపిరందట్లేదా? ఎట్లా అందుద్ది, ఒక్క ముక్కుతో ఇద్దరు పీలుస్తుంటే!"

ఎండీఓ గారు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. జనం ఈలలు. ఆ గోలలో నువ్వు ఊపిరి తీసుకుని చరణం పూర్తి చేశావు. కథ నిలబడింది. నిలబెట్టింది నేను.

మన దళంలో ఒక కట్టుబాటు ఉండేది. గజ్జె విప్పేదాకా వంత అన్న మాటకి ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. మునసబునీ అన్నాను, కరణాన్నీ అన్నాను, చిన్నరాయప్ప బట్టతలని అనని ఊరు లేదు. ఎవరూ పట్టించుకోలేదు. నువ్వు ఒక్కదానివే గజ్జెలు విప్పి వెళ్లిపోయి మళ్లీ కట్టలేదు. మీ ఇంటికి మూడుసార్లు వచ్చాను. సత్యనారాయణ అన్నయ్య గుమ్మంలో నిలబడి "పడుకుందమ్మా, వెళ్లు" అన్నాడు. తర్వాత కడుపు పోయిందని విన్నాను. ఏడ్చాను. అది దేవుడు చేసిన పని. నేను చేసింది నవ్వించడం.

ఆ తర్వాత నా సంగతి విన్నావా ఎప్పుడైనా? వేరే దళాల వాళ్లు పిలిస్తే వెళ్లలేదు. నీ పక్కన తప్ప నేను ఎవరి పక్కనా పలకలేను. తోటల్లో కాయలు సర్దాను, వరిగడ్డి పరిచి పెట్టెలు కట్టాను, మోశాను. ముప్పై నాలుగు వేసవులు. గజ్జెలు కట్టిన కాళ్లతో గోనెలు తొక్కాను. అలిగింది నువ్వు, శిక్ష నాకు.

ఇదీ నా వాదన. ఇందులో తప్పు ఏదో చెప్పు. రాతలో పెట్టు. ఫోనులో వద్దు.

కనకమ్మ

*

విజయవాడ,
డిసెంబరు 1, 2024

షాలోమి గారికి ముందు ఒక మాట. మీరెవరో నాకు తెలియదు. మీ దస్తూరి చూస్తే నిదానస్తులని అనిపించింది. ఈ ఉత్తరం తలుపు వేసుకుని చదవండి. చదివి మరిచిపొమ్మని అడగను, అది ఎవరి వల్లా కాదు. ఇంకొకరికి చెప్పవద్దని మాత్రం అడుగుతున్నాను.

కనకం,

ఫోను ఎందుకు ఎత్తలేదో చెబుతాను. నేను ఒక మాట అంటే నువ్వు రెండంటావు. నా ప్రతి చరణానికీ బదులు పలికిన నోరు నీది, ఆగమంటే ఆగదు. ఉత్తరానికి మధ్యలో అడ్డురాలేవు. నేను చెప్పవలసింది ఆఖరిదాకా నువ్వు వినాలంటే ఇదొక్కటే దారి. ఇన్నాళ్లూ ఇది కూడా చేయలేకపోయాను, ఎందుకంటే నీకు రాయడమంటే చదివే ఇంకో మనిషికి చెప్పడం. ఈ సంగతి మళ్లీ ఇంకో మనిషి నోట్లో పడడం నాకు ఇష్టం లేకపోయింది.

నీ వాదనలో నువ్వు చెప్పినవన్నీ నిజమే. ఒకటి చెప్పలేదు. ఆ రోజు పొద్దుగూకే వేళ, పంచాయతీ ఆఫీసు వెనక గజ్జెలు కట్టుకుంటూ నీ చెవిలో అన్నాను, "నెల తప్పి రెండు నెలలైంది కనకం, ఊపిరి అందటం లేదు, పొడుగు చరణాలు నువ్వందుకో" అని. నువ్వు నా బుగ్గ గిల్లావు. గుర్తుందా? ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఆయనకి కూడా చెప్పలేదు. ఇంటికి వెళ్లాక చెప్పాలనుకున్నాను. మొగుడికంటే ముందు నీకు చెప్పాను.

అప్పటికి నాకు నలభై ఒకటి. కూతురికి పెళ్లయింది, దానికి మూడో నెల. సిగ్గుగా ఉండేది. కానీ సిగ్గుకంటే సంతోషం ఎక్కువ కనకం. భవాని తర్వాత పద్దెనిమిదేళ్లు ఏదీ నిలవలేదని నీకు తెలుసు. చాట్రాయికి వచ్చేటప్పుడు బస్సులో ఎవరూ చూడకుండా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

నీ మాటకి నాలుగు వందల మంది నవ్వారు. ఇద్దరు చాలని పాడుతున్నది నేను. భవాని అత్తగారు ముందు వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెల్లారేసరికి భవానిని మా ఇంటికి పంపేసింది. "తల్లీ కూతురూ ఒక మంచం మీదే కనండి, మాకు ఒక ఖర్చు తగ్గుద్ది" అని చెప్పి పంపింది. ఆయన టీ కొట్టు దగ్గర విని ఇంటికి వచ్చాడు. తిట్టలేదు. "నాకంటే ముందు చాట్రాయోళ్లకి తెలిసిందా?" అన్నాడు, అంతే. తర్వాత మాత్రం, నవ్వేవాళ్లని నవ్వనీ, మనకి కావాలి, ఉంచుకుందాం అన్నాడు. ఎన్నిసార్లన్నాడో. నేను గుమ్మం దాటితే పిల్లలు ముక్కు మూసుకుని ఆడుకునేవాళ్లు. ఒక్క ముక్కుతో ఇద్దరు ఆట. చాట్రాయి నుంచి మా ఊరికి ఆ మాట ఒక్క రోజులో వచ్చింది.

నాలుగో రోజు ఒక్కదాన్నే జంక్షన్ బస్సెక్కాను. కడుపు పోలేదు కనకం. తీయించుకున్నాను. దేవుడు చేసిన పని కాదు. నేను చేసిన పని.

అందరికీ పోయిందని చెప్పాను. భవానికి ఇప్పటికీ అంతే తెలుసు. ఆయనకి తెలిసింది. దాని తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు బతికాడు, ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

నీది తప్పని చెప్పడానికి లేదు. కట్టుబాటు నాకు తెలుసు, నీకు నేర్పింది నేనే. ఖాళీ వచ్చింది, పూడ్చావు. అందుకే నీ ఎదురుగా నిలబడి తిట్టలేకపోయాను. తిట్టడానికి వీలుంటే ఏనాడో తిట్టుకుని కలిసిపోయేవాళ్లం. తంబురా భుజానికి ఎత్తితే నాకు ఆ నవ్వే వినబడుతుంది. ఆ శనివారం నాటకం అందుకు పెట్టాను. దగ్గు కాదు.

సుబ్బరత్నం

*

ముసునూరు,
డిసెంబరు 7, 2024

వదినా,

షాలోమి తలుపు వేసి చదివింది. మధ్యలో నేను ఏమీ అనలేదు. కావాలంటే దాన్ని అడుగు.

బుగ్గ గిల్లింది గుర్తుంది. నువ్వు చెవిలో చెప్పింది గుర్తుంది. వాదనలో మరిచిపోయి కాదు, కావాలనే వదిలేశాను. అది చెబితే నా వాదన నిలబడదు. నేను గెలవాలనుకున్నాను.

నీకు తెలియనిది ఒకటి నేనూ చెప్పాలి. ఆ మాట నేను చాట్రాయితో ఆపలేదు. తోటలో కాయలు సర్దే ఆడవాళ్లకి చెప్పాను. ఎండీఓ గారు కుర్చీలోంచి జారడం అభినయం చేసి మరీ చూపించేదాన్ని. వాళ్లు నవ్వితే, పొట్ట కూటికి పెట్టెలు మోస్తున్నా నేను ఒకప్పుడు ఇదీ అనిపించేది. ఒక వేసవి కాదు, ప్రతి వేసవీ చెప్పాను. "కనకమ్మా, ఆ ముక్కు మాట చెప్పవే" అని అడిగి చెప్పించుకునేవాళ్లు. నువ్వు బెజవాడలో ఉన్నావు. నేను ఇక్కడ ఏటా నిన్ను నాలుగు వందల మంది ముందు నిలబెట్టాను.

కథ లేదని జగన్మోహనరావు గారికి చెప్పించాను. "పోనీ మీరొక్కరే రండమ్మా, శాలువా కప్పుతాం, రెండు మాటలు చెప్పండి" అన్నాడు. వదినని అడిగి చెబుతానన్నాను. నువ్వు వెళ్లొద్దంటే వెళ్లను. అసలు బెజవాడే రావొద్దంటే రాను.

షాలోమి కళ్లు తుడుచుకుంటోంది. ఈ ఉత్తరంలో చుక్కలు పెట్టే పని లేదు.

కనకమ్మ

*

విజయవాడ,
డిసెంబరు 12, 2024

కనకం,

రా. పద్దెనిమిది మధ్యాహ్నం భవాని బస్టాండులో ఉంటుంది. వయొలిన్, బొమ్మలు, హరికథ, వేణువు అనుకున్నట్టే. శనివారం ఆరింటికి నువ్వు మైదానానికి వెళ్లు. భవాని తీసుకువెళుతుంది. నేను నాటకానికి వెళతాను.

ఇంట్లో ఈ సంగతి ఎత్తవద్దు. భవాని ముందు అసలే వద్దు. సంగీతం విందాం, వేళకి తిందాం. నేను చేయగలిగింది నాలుగు రోజులు అంతే. అంతకు మించి నన్ను అడగకు.

దుప్పటి మరిచిపోకు.

సుబ్బరత్నం

*

ముసునూరు,
జనవరి 3, 2025

వదినా,

క్షేమంగా చేరాను. వచ్చేసరికి తోటంతా పూత. మందు కొట్టే వాళ్లు వచ్చారు, వాళ్లకి నీళ్లు మోసి నడుం పట్టేసింది. అందుకే ఆలస్యం.

నాలుగు రోజులూ నన్ను బాగా చూశావు. ఆ వయొలినాయన పైకి పోయి పోయి ఇంక మెట్టు లేదనుకున్న చోట ఇంకో మెట్టు ఎక్కినప్పుడు నా నోట్లోంచి "ఆహా" రాబోయింది. నువ్వు నా మోకాలి మీద చెయ్యి వేశావు. ఆపడానికే వేశావని తెలుసు. అయినా కచేరీ అయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు నువ్వు. దాని గురించి నేనేమీ అనుకోవడం లేదు. జరిగింది చెబుతున్నాను. బొమ్మల దగ్గర మామిడిపళ్ల బుట్ట వేసిన పటం ముందు ఆగి, పెద్దరసాలకీ చిన్నరసాలకీ ఒకే రంగు వేశాడని నేను గొడవ పెట్టుకుంటే నువ్వు నవ్వావు. నువ్వు నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

శనివారం జరిగింది నీ ఇంట్లో చెప్పలేదు. ఎత్తవద్దన్నావు. ఇప్పుడు చెబుతాను.

స్టేజీ మీద ముగ్గురికి శాలువాలు కప్పారు. నాకు గజ్జెలు కట్టుకు రమ్మన్నారు, కట్టుకున్నాను. సువర్ణరాజు పక్కన డక్కీ పట్టుకుని నిలబడ్డాడు. జగన్మోహనరావు గారు మైకు నా నోటి దగ్గర పెట్టి, మంచికే అడిగాడు, "కనకమ్మ గారూ, కృష్ణా జిల్లాలో మీ దళానికి అంత పేరుండేది కదా, మీ కథకురాలు ఉన్నట్టుండి ఎందుకు మానేశారమ్మా?" అని.

మైదానం నిండా జనం. నా నోటికి మాట వచ్చింది వదినా. ఒకటి కాదు, మూడు వచ్చాయి, ఒకదానికంటే ఒకటి బాగున్నవి. ఏ ఒక్కటి అన్నా మైదానం దద్దరిల్లేది. అవేమిటో నీకు కూడా చెప్పను, ఎవరికీ చెప్పను. మూడూ మింగాను. మింగి, ఊరికే నిలబడ్డాను. కాలు మార్చినప్పుడల్లా గజ్జెలు చప్పుడు చేస్తున్నాయి, మైకులో అది వినబడుతోంది. ముందు వరసలో ఎవరో "పాపం, పెద్దావిడ మర్చిపోయింది" అన్నారు. ఒకమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. జనం జాలిగా చప్పట్లు కొట్టారు. నా బతుకులో నాకు జాలి చప్పట్లు అదే మొదలు. భవాని స్టేజీ ఎక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని కిందికి దింపింది.

ఆటోలో అడిగింది, "అసలు అమ్మకీ నీకూ గొడవేంటత్తా?" అని. నాకు గుర్తు లేదమ్మా అన్నాను. "నిజంగానే మర్చిపోతున్నావా అత్తా?" అని నా తల నిమిరింది. నిమరనిచ్చాను. అది వాళ్ల ఇంట్లో అందరికీ చెబుతుంది, కనకమ్మత్తకి మతిపోతోందని. చెప్పనీ.

ఇక నా వాదన ఏమీ లేదు. ఈ వేసవి కాయలు సర్దడానికి రానని కూలీల మేస్త్రికి చెప్పేశాను. ఆడవాళ్లు ఆ ముక్కు మాట అడుగుతారు.

కనకమ్మ

*

విజయవాడ,
జనవరి 22, 2025

కనకం,

నాటకానికి వెళ్లలేదు. వెళదామనే బయల్దేరాను. ఆటో ఎక్కి మైదానం పేరు చెప్పాను. మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి పక్కన నిలబడ్డాను, పొగ నా మొహానికే కొడుతోంది. మీకంటే ముందే ఇంకో ఆటోలో ఇల్లు చేరి, మీరు వచ్చేసరికి పడుకుని ఉన్నాను. నిద్రపోలేదు.

స్టేజీ దూరం, నా చూపు అంతంత. కానీ నీకు చతురోక్తి తట్టినప్పుడు కింది పెదవి ఎడమ పక్కకి వెళుతుంది. పద్నాలుగేళ్లు చూసిన పెదవి. అది కదలడం అంత దూరం నుంచీ తెలిసింది. నేను బండి కర్ర పట్టుకున్నాను. తర్వాత ఏమీ రాలేదు. పొత్తులు కొనే ఆవిడ "మతిమరుపండీ, పెద్దతనం" అంది నాతో. కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

క్షమించానని రాయలేను. రాస్తే షాలోమి గారు చదువుతారు, నువ్వు సంతోషిస్తావు, అది అబద్ధమవుతుంది. నీ మీద ఉన్నదీ పోలేదు, నా మీద ఉన్నదీ పోలేదు. రెండూ కలిసే ఉన్నాయి, విడదీయడం ఈ వయసులో నాకు చేతకాదు. కాయలు సర్దే పని మాత్రం మానకు. అడిగితే ఆ మాట మర్చిపోయానని చెప్పు. నమ్ముతారు.

బిడ్డకి ఒక పేరు అనుకున్నాను. చాట్రాయి వెళ్లే బస్సులో కూర్చున్నప్పుడు తట్టింది. ఆడపిల్లయినా మగపిల్లాడయినా సరిపోయే పేరు. ఈ ముప్పై నాలుగేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా పైకి అనలేదు. కాగితం మీద కూడా రాయను.

వచ్చే బుధవారం నూజివీడు బస్సెక్కి వస్తున్నాను. భవానికి తోటలో పూత చూసి వస్తానని చెప్పాను. నీ గదిలో మనిద్దరమే ఉండేటట్టు చూడు. ఆ పేరు నీ చెవిలో చెబుతాను. ఆయనకి కూడా చెప్పలేదు.

సుబ్బరత్నం